నల్ల గీత లోపల

యగ్లిక పేరును ఆమె అన్న శ్రద్ధాంజలి ప్రకటనలోంచి తీసేసింది ఎవరు? వదినా, లేక యగ్లికేనా? ఇన్నేళ్ళు గడిచినా నాకు తెలియదు. జవాబు తెలిసిన మనుషులు ఇద్దరే ఇద్దరు. ఒకామె చెప్పింది, నేను సగం నమ్మాను. రెండో ఆమె చెప్పకుండానే వెళ్ళిపోయింది.

నేను మోంటెనీగ్రోలో నిక్షిచ్ అనే ఊరి గ్రంథాలయంలో పత్రికల గది చూసుకునేవాణ్ణి. పొద్దున్నే వచ్చిన పేపర్లను చెక్క కడ్డీలకు బిగించి గోడ కొక్కేలకు తగిలించడం, నెల తిరిగాక విప్పి బైండింగుకు పంపడం నా పని. ఆ సంపుటాలు ఇప్పటికీ అక్కడి అరల్లో ఉన్నాయి. 'జోరా' దినపత్రిక అరను పక్కనుంచి చూస్తే ఒకచోట మెట్టు దిగినట్టు కనిపిస్తుంది. అంతదాకా అర అంచుకు వచ్చి నిలబడ్డ అట్టలు అక్కణ్ణించి నాలుగు వేళ్ళ మేర లోపలికి వెళ్ళిపోతాయి. కాగితం ఖరీదు మోయలేక జోరా తన పేజీ వెడల్పు తగ్గించుకున్న ఏడాది అది. ఆ నాలుగు వేళ్ళ ఖాళీలో దుమ్ము చేరుతుంది. నేను ఉద్యోగం మానేసేదాకా ఆ దుమ్ము తుడుస్తూనే ఉన్నాను.

గ్రంథాలయానికి ఎదురుగా, వీధికి అవతల, జోరా వాళ్ళ ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక గది, వీధిలోకి తెరుచుకునే ఒక కిటికీ, కిటికీ వెనక యగ్లిక. వార్తలు రాసేవాళ్ళూ అచ్చు వేసేవాళ్ళూ అందరూ రాజధానిలో, పోద్గోరిత్సలో ఉండేవారు. ఇక్కడ ఆమె పని ఒక్కటే. ఊళ్ళో ఎవరైనా పోతే ఇంటివాళ్ళు ఒక ఫోటో, కాగితం మీద రాసుకున్న పేర్లు పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి వస్తారు. ఆమె వాటిని సరిచేసి, కంప్యూటరులో కొట్టి, సాయంత్రం లోపల పోద్గోరిత్సకు పంపుతుంది. మర్నాడు అది నల్ల గీతల చట్రంలో అచ్చవుతుంది. వాళ్ళు తెచ్చిన కాగితాన్ని ఆమె తన ఇనప పొయ్యిలో వేసేది. చావు రాసిన కాగితం ఎవరూ ఇంటికి తిరిగి తీసుకుపోరు.

మా మోంటెనీగ్రోలో పేపరును వెనకనుంచి చదువుతాం. ముందు చావు పేజీలు, తర్వాత ఫుట్‌బాల్, ఓపిక మిగిలితే ప్రభుత్వం. చావు పేజీలో పైన పోయినవాడి ఫోటో, కింద దుఃఖిస్తున్నవారి వరస ఉంటుంది. భార్య, కొడుకులు, కోడళ్ళు, మనవలు, అన్నదమ్ములు, ఆ తర్వాత అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, చివర ఆ ఇంటిపేరు గలవాళ్ళంతా. ఎవరి పేరు ఎవరి తర్వాత పడిందో ఊరు ఊరంతా చూస్తుంది. పేరు పడని బావమరిది మళ్ళీ ఆ ఇంట్లో కాఫీ తాగడు. ఇరుగుపొరుగువాళ్ళూ, ఫ్యాక్టరీలో కలిసి పనిచేసినవాళ్ళూ తమ తరఫున వేరుగా చిన్న ప్రకటనలు వేయిస్తారు. అవీ గౌరవమే, కానీ అవి బయటివాళ్ళ గౌరవం. ఇంటివాళ్ళు ఒకే నల్ల గీత లోపల ఉంటారు.

యగ్లిక పొడుగాటి మనిషి. సిగరెట్లు తాగి తాగి గొంతు మగగొంతు అయింది. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోని కారణం నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. దేన్నయినా జానతో కొలిచే అలవాటు ఆమెది. బొటనవేలు ఒక అంచున ఆనించి చిటికెన వేలు చాపితే చాలు, ఫోటో పడుతుందో పడదో చెప్పేసేది. ఏడుస్తూ వచ్చినవాళ్ళను ఓదార్చేది కాదు. పేర్ల వరస సరిచేస్తూ కసిరేది. "పెద్ద కోడలు ముందు, తర్వాత చిన్న కోడలు. రేపు వాళ్ళిద్దరూ నీ వంటింట్లోనే కొట్టుకుంటారు, నా వంటింట్లో కాదు." ఆ కసురుకే వాళ్ళు తేరుకునేవారు.

నేను మధ్యాహ్నాలు వీధి దాటి వెళ్ళి ఆ కిటికీ పలక మీద మోచేతులాన్చి కాఫీ తాగేవాణ్ణి. నన్ను ఆమె పుస్తకాలాయనా అనేది. "పుస్తకాలాయనా, నీ దగ్గరున్న పుస్తకాలన్నీ ఎవరు చదువుతారు చెప్పు. నేను వేసేది మాత్రం ఊరంతా చదువుతుంది." అది నిజమే.

ఆమెకు మిగిలిన రక్తసంబంధం ఒక్క అన్న, విదోయె. బీరు ఫ్యాక్టరీలో పనిచేసి పింఛను మీద బతుకుతున్నవాడు. గుండ్రంగా, ఎర్రటి బుగ్గలతో ఉండేవాడు. రోజూ ఏదో ఒకటి పట్టుకుని చెల్లెలి కిటికీకి వచ్చేవాడు, ఉడికించిన బంగాళాదుంపలో, గుడ్డలో చుట్టిన జున్నుముక్కో.

"ఇవాళ ఎవరు?" అని అడిగేవాడు.

"నువ్వు కాదు. పో."

"నా వంతు వచ్చినప్పుడు రెండు కాలమ్‌లు కావాలి నాకు. ఒకటి నాకు, ఒకటి నా పొట్టకి."

"నీకు ఒక్క కాలమే. ఊపిరి బిగబట్టి ఫోటో దిగు, అన్నాయ్."

వాళ్ళ నాన్న పోయినప్పటి సంగతి ఆమె నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ నవ్వుతూనే. మాలో కూతురు తన వాటా ఇల్లు అన్నదమ్ములకు వదిలేస్తుంది. చట్టం సగం ఇస్తుంది, ఆడపిల్ల కోర్టుకు వెళ్ళి నాకొద్దు అని సంతకం పెడుతుంది. పెట్టకపోతే ఊరు ఆమెను చూసే చూపు మారిపోతుంది. యగ్లిక పెట్టింది. కోర్టు మెట్లు దిగుతుంటే విదోయె సిగ్గుపడి, ఇంట్లో నీ గది నీకెప్పుడూ ఉంటుంది అన్నాడట.

"గది నాకొద్దన్నాను. నువ్వు ముందు పోతే నీ ప్రకటనలో నా పేరు మొదటి లైనులో పడాలి, నీ పిల్లలకంటే ముందు. నేను ముందు పోతే నా కింద నీ పేరు ఒక్కటే వెయ్యి, ఎలాగూ ఇంకెవరూ లేరు, అన్నాను. చెయ్యి చాపాడు. చేతిలో చెయ్యేశాను. చూశావా పుస్తకాలాయనా, అర ఇల్లు ఇచ్చి ఒక లైను కొనుక్కున్నా."

నవ్వుతూనే చెప్పేది, కానీ అది ఆమెకు నవ్వులాట కాదని నాకు తెలుసు. విదోయెకూ తెలుసు. ఆ సంగతి వచ్చినప్పుడు అతను మాత్రం నవ్వేవాడు కాదు.

ఆ శరదృతువులో పోద్గోరిత్స నుంచి బాల్ష అనే మేనేజరు కారులో వచ్చాడు. మంచి కోటు, మర్యాద గల మనిషి. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. అతను ఒక కొత్త పేపరు పలక మీద పరిచి, వచ్చే నెలనుంచి ఇదే సైజు అన్నాడు. యగ్లిక అలవాటు కొద్దీ జాన పెట్టింది. రెండో జాన పూర్తి కాకుండానే కాగితం అయిపోయింది. ఆమె చిటికెన వేలు గాలిలో నిలిచింది.

"మిగతాది ఏది?"

"మిగతాది లేదమ్మా. కాగితం రేటు అలా ఉంది. అన్ని దేశాల్లోనూ ఇలాగే తగ్గిస్తున్నారు. చదివేవాళ్ళకి కూడా హాయిగా ఉంటుంది. బస్సులో పేపరు తెరిస్తే మోచెయ్యి పక్కవాడికి తగలదు."

"శవపేటికలు కూడా ఇలాగే చేయించండి. మోసేవాళ్ళకి హాయిగా ఉంటుంది."

బాల్ష నవ్వాడు. ఆమె నవ్వడం లేదని చూసి ఆపేశాడు.

"అక్షరం చిన్నది చేస్తారా?" అంది.

"చేస్తే ముసలివాళ్ళు చదవలేరు. అక్షరం అదే. పేజీలో ఒక కాలమ్ పోతుంది. ఉన్న కాలమ్ కాస్త సన్నబడుతుంది. ఇక ఇంటివాళ్ళ ప్రకటనకి ఒక్క కాలమే, రెండు కాలమ్‌లవి ఆపేస్తున్నాం, చోటు లేదు. పేర్లకి ఇన్ని లైన్లే అని కంప్యూటరులోనే హద్దు పెడుతున్నాం. దాటితే తదితర బంధువులు అని వేసెయ్."

"తదితర బంధువులంటే ఎవరు?"

"ఎవరైనా. అందులో అందరూ వస్తారు."

"అందులో ఎవరూ రారు నాయనా. నువ్వు ఇక్కడ కూచోలేదు, నీకు తెలీదు."

అతను కోపం తెచ్చుకోలేదు. కాఫీ తాగి, కప్పు తానే లోపలికి తీసుకెళ్ళి కడిగి పెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత జరిగినవాటిలో అతని తప్పు ఏమీ లేదని ఇప్పుడనిపిస్తుంది. కాగితం కొనాలి, జీతాలివ్వాలి. ఎక్కడో కోయాలి.

కొత్త సైజు పేపరు వచ్చిన మొదటి రోజు నేను దాన్ని కడ్డీకి బిగిస్తూ చావు పేజీ దగ్గర ఆగిపోయాను. మిగతా పేజీలన్నీ కొత్త కొలతకు సర్దారు. చావు పేజీల చట్రాలు మార్చడం మాత్రం ఎవరికీ తట్టలేదు, బాల్ష చెప్పిన హద్దు కూడా ఇంకా కంప్యూటరులోకి ఎక్కలేదు. ఆ పేజీలు ఇంటివాళ్ళవి, సంపాదకులెవరూ వాటి మీద చెయ్యి వేయరు. ఏళ్ళ తరబడి అవే చట్రాలు, అవే నల్ల గీతలు. పాత వెడల్పులోనే యంత్రానికి వెళ్ళాయి, కొత్త కాగితం మీద కుడి వైపు పట్టనిదంతా తెగిపోయింది. ఆ అంచున ఉన్నవాళ్ళకు ముఖం సగమే ఉంది. పేర్లు మధ్యలో ఆగిపోయాయి. నల్ల గీత మూడు వైపులే ఉంది, నాలుగో వైపు తెరిచి ఉంది.

తొమ్మిదింటికల్లా కిటికీ ముందు జనం చేరారు. అందరికన్నా ముందు మిలూష, రైల్వేలో పనిచేసి పోయినాయన భార్య. నల్లబట్టల్లో ఉంది, చేతిలో పేపరు.

"ఏమే యగ్లికా, మా ఆయన సగమే చచ్చాడా? మిగతా సగం మధ్యాహ్నం భోజనానికి వస్తాడేమో చెప్పు, కూర పొయ్యి మీద పెట్టుకుంటా."

"రేపు పూర్తిగా వేయిస్తాను మిలూషా."

"రేపు ఎవరు చూస్తారు? పాతిపెట్టేది ఇవాళ. జనం ఇవాళ చూస్తారు. కుడికన్ను లేకుండా చూస్తారు. బతికున్నన్నాళ్ళూ ఆ కన్ను ఎక్కడ తిరిగిందో నాకు తెలుసు, ఇప్పుడైనా నా వైపు ఉంటుందనుకుంటే కోసి పారేశారు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకొకాయన, "నా పేరు అసలు లేదు, మా తమ్ముడి పేరు మాత్రం ఎడమ పక్కన పడి బతికిపోయింది. మా నాన్నకి నేను పుట్టలేదనుకుంటారు కదా" అన్నాడు. యగ్లిక అందరి మాటలూ పడింది. పోద్గోరిత్స వాళ్ళ పొరపాటు అని ఒక్కసారి కూడా అనలేదు. మిలూష వెళ్ళిపోయేటప్పుడు మాత్రం లేచి, తలుపు తీసుకుని బయటికి వచ్చి, మిలూష చేతిలోని పేపరు తీసుకుని తన పొయ్యిలో వేసింది.

మర్నాడు ప్రకటనలన్నీ మళ్ళీ పడ్డాయి, పూర్తి ముఖాలతో, కొత్త హద్దులో. అందుకోసం ఒక్కొక్క ఇంటికీ ఆమె ఫోన్ చేసి ఎవరి పేరు తీసెయ్యాలో అడగాల్సి వచ్చింది.

అసలు కష్టం అక్కణ్ణించి మొదలైంది. అంతవరకూ ఆమె పని పేర్లు ఎక్కించడం. ఇప్పుడు పేర్లు దింపడమే పనైంది. మా ఇళ్ళల్లో బంధువులు కాలమ్ వెడల్పు చూసుకుని పుట్టరు. జనం కిటికీ దగ్గర నిలబడి తమవాళ్ళను ఒక్కొక్కరినే కొట్టేస్తుంటే నేను నా గది కిటికీలోంచి చూసేవాణ్ణి. ఒకరోజు పై ఊళ్ళనుంచి వచ్చిన భారీమనిషి ఒకతను, తండ్రి పోయినవాడు, చాలాసేపు కాగితం మీద పెన్సిలు పెట్టి తీస్తున్నాడు. నేను కాఫీ కప్పుతో అక్కడే ఉన్నాను.

"ఎవర్ని తియ్యమంటావమ్మా? అందరూ దగ్గరవాళ్ళే."

యగ్లిక కాగితం తీసుకుని చూసింది.

"ఈమె ఎవరు, ఈ చివరామె?"

"మా మేనత్త. నాన్న చెల్లెలు."

"పెళ్ళయిందా?"

"కాలేదు. ఒక్కతే ఉంటుంది."

"అయితే ఆమెని తియ్యి. బావమరిదిని తీస్తే వాడి కొడుకులు నీ మీదికి వస్తారు. ఈమె తరఫున కొట్లాడటానికి ఎవరూ రారు."

అతను పెన్సిలుతో గీత గీశాడు, బరువు దిగినట్టు నిట్టూర్చాడు. యగ్లిక ఆ కాగితం మీద చూపు నిలిపి చాలాసేపు కూచుంది. నేను కాఫీ బాగుందన్నాను. ఆమె వినలేదు.

ఆ మాట ఊళ్ళో పాకింది. ఎవర్ని తీసెయ్యాలో తెలియకపోతే పెళ్ళికాని ఆడమనిషిని తీసెయ్ అని యగ్లికే చెప్పిందట, ఆమెకు తెలియనిదేముంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆమెను అడగను కూడా అడగలేదు. ముందే కొట్టేసిన కాగితాలు తెచ్చేవారు. ఆ చలికాలం చావు పేజీల్లో పెళ్ళికాని అక్కలూ చెల్లెళ్ళూ మేనత్తలూ ఒకరి తర్వాత ఒకరు తదితర బంధువుల్లోకి వెళ్ళిపోయారు. రోజూ ఆ పేజీ తిప్పేవాణ్ణి కాబట్టి నాకు కనిపించేది.

విదోయె రావడం మానలేదు. ఒకసారి పేపరు అటూ ఇటూ తిప్పి చూసి, "చెల్లీ, ఇందులో నా పొట్ట ఎలా పడుతుందే?" అన్నాడు.

"నీ పొట్ట సంగతి వదిలెయ్. నా లైను పడితే చాలు."

"పడుతుంది. దేసాంకకి చెప్పే ఉంచాను." దేసాంక అతని భార్య.

"చెప్పి ఉంచడం ఎందుకు, నేనే కదా కొట్టేది."

"అదీ నిజమే" అన్నాడు. జున్ను పలక మీద పెట్టి, మంచులో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళాడు. వాళ్ళిద్దరినీ కలిపి నేను చూసింది అదే ఆఖరు.

జనవరిలో, గేటు ముందు మంచు ఎత్తిపోస్తూ పార చేతిలో ఉండగానే అతను కూలబడ్డాడు. నాకు కబురు తెలిసేసరికి యగ్లిక కిటికీ తెరిచే ఉంది. మూసి ఉంటుందనుకున్నాను. నల్ల తలగుడ్డ కట్టుకుని తన కుర్చీలో కూచుని ఉంది. వీధి దాటి వెళ్ళాను.

"ఇంటికి వెళ్ళు యగ్లికా. ఇది పోద్గోరిత్స వాళ్ళు చేసుకుంటారు."

"ఊరందరివీ కొట్టాను. వీడిది ఎవరో కొడతారా?"

మధ్యాహ్నం విదోయె పెద్దకొడుకు ద్రాష్కో వచ్చాడు. ఫోటో, మడిచిన కాగితం కిటికీలోంచి ఇచ్చాడు. మేనత్త చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. నా కిటికీలోంచి నాకు కనిపించింది అంతే. ఆమె కాగితం విప్పింది. చదివింది. కంప్యూటరు వైపు తిరిగింది. ఆ తర్వాత నాకు ఆమె వీపే కనిపించింది. చీకటి పడబోతుండగా లేచి పొయ్యి తలుపు తీసింది. ఆ గదిలో ఎర్రగా ఒక వెలుగు వచ్చి పోయింది.

మర్నాడు పొద్దున కడ్డీకి బిగించకుండానే పేపరు వెనకనుంచి తెరిచాను. విదోయె నవ్వుతున్నాడు, మెడదాకా మాత్రమే. కింద భార్య దేసాంక, కొడుకులు ద్రాష్కో, అతని తమ్ముడు, కోడళ్ళు, మనవల పేర్లు అన్నీ. ఆఖర్న తదితర బంధువులు. ఆ ఆఖరి లైనులో ఆ రెండు మాటల పక్కన కాస్త ఖాళీ మిగిలింది. ఒక చిన్న పేరు పట్టేంత ఖాళీ. నేను వేలు పెట్టి చూశాను.

శ్మశానం పక్కనున్న చిన్న చర్చిలో శవాన్ని ఉంచారు. మగవాళ్ళు వరసగా వచ్చి కొడుకుల చేతులు పట్టుకుని పోతున్నారు. గోడవారగా ఆడవాళ్ళు. నా వెనక ఇద్దరు గుసగుసలాడుకుంటున్నారు.

"చూశావా, చెల్లెలి పేరు లేదు."

"ఎవరు, ప్రకటనలు కొట్టే ఆమేనా?"

"ఆమే. ఊరందరికీ వేసింది, తనకి వేసుకోలేదు."

"వేసుకోనివ్వలేదేమో. ఆ దేసాంక సంగతి నీకు తెలీదు."

"దేసాంక ఏం చేసింది పాపం, ఈమే కదా అందరికీ చెప్పింది పెళ్ళికాని వాళ్ళని తియ్యమని. ఊళ్ళో పద్ధతే ఇంట్లోనూ."

"ఊరుకో, వింటుంది."

వినే ఉంటుంది. మాలో అన్న శవం దగ్గర చెల్లెలు గొంతెత్తి ఏడవడం ఆచారం. అన్నను పేరు పెట్టి పిలుస్తుంది, చిన్నప్పటి సంగతులు చెప్పి నిలదీస్తుంది. అందరూ దానికోసం ఎదురుచూశారు. యగ్లిక ఏడవలేదు. శవపేటిక అంచు మీద అరచెయ్యి చాపి పెట్టింది, బొటనవేలు ఒకవైపు, చిటికెన వేలు ఒకవైపు. పాతిపెట్టడానికి ఎత్తేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

వారం తర్వాత ఆమె మళ్ళీ కిటికీ తెరిచింది. నేను కాఫీకి వెళ్ళాను. ఆ విషయం ఎత్తకూడదనుకునే వెళ్ళాను. కప్పు సగం అయ్యేసరికి నోరు జారింది.

"నీ పేరు ఏమైంది, యగ్లికా?"

"పట్టలేదు."

"నేను చూశాను. చోటు ఉంది."

"నువ్వు పుస్తకాలవాడివి. నీకు కాలమ్‌ల సంగతి ఏం తెలుసు?" అని సిగరెట్టు వెలిగించుకుంది.

"పోనీ, వేరుగా ఒకటి వేసుకో. చెల్లెలి కడసారి వీడ్కోలు అని. ఎంతమంది వేయించడం లేదు?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అలసట ఉంది.

"వేరుగా వేసేది పొరుగింటివాళ్ళు. బీరు ఫ్యాక్టరీ వాళ్ళు వేశారు, చూశావుగా, పాపం బాగానే వేశారు. నేను వాడికి పొరుగింటిదాన్నా?"

తర్వాతి రోజుల్లో ఆమె పని ఎప్పటిలాగే చేసింది. కసరడం మాత్రం మానేసింది. ఎవరే వరసలో పేర్లు తెస్తే అలాగే కొట్టింది. పెద్ద కోడలి ముందు చిన్న కోడలు పడింది, అన్న ముందు తమ్ముడు పడ్డాడు. జనం వచ్చి గొడవ పడితే, మీరు రాసిందే వేశాను, అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ద్రాష్కో ఇచ్చిన కాగితం గుర్తొచ్చేది నాకు. అందులోనూ రాసిందే వేసిందా?

మాలో మనిషి పోయిన నలభయ్యో రోజున ఇంటివాళ్ళు మళ్ళీ ఒక ప్రకటన వేయిస్తారు. ఆ రోజు దగ్గర పడుతుండగా దేసాంక గ్రంథాలయానికి వచ్చింది. ఆమె అక్కడికి ఎప్పుడూ రాలేదు. పేపర్ల మధ్య కుర్చీ అంచున కూచుని చేతిసంచి ఒళ్ళో పట్టుకుంది.

"మీరు ఆమెతో కాఫీ తాగుతారు కదా. మీకైనా చెప్పిందా?"

"ఏమీ చెప్పలేదు."

"నేను రాశానండీ. ఆయన మీద ఒట్టు. మొదటి లైనులో, నా పేరు కంటే ముందు, చెల్లెలు యగ్లిక అని నా చేత్తో రాశాను. ఆయన చెప్పి పోయిన మాట. నేనెందుకు తీస్తాను? ఊరంతా నా వైపు వేలెత్తి చూపిస్తోంది. ఇంటికి రమ్మంటే రాదు. ఎందుకు తీశావు అంటే పట్టలేదు అంటుంది. నా మీద పగ తీర్చుకుందా, తన మీదే తీర్చుకుందా, నాకర్థం కావట్లేదు."

"మీ అబ్బాయి చూశాడా ఆ కాగితం?"

"మడిచి ఇచ్చాను. వాడు విప్పలేదు." సంచి పిడి సర్దుకుంటూ అంది, "విప్పి ఉంటే నాకొక సాక్షి ఉండేవాడు."

ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. కానీ నిజంగా ఏడ్చేవాళ్ళందరూ నిజమే చెబుతారని ఇన్ని పుస్తకాలు చదివినా నాకు ఎక్కడా కనబడలేదు. ఆ చలికాలమంతా ఊళ్ళో ఎన్ని చేతులు ఆ గీత గీశాయో నేను చూశాను. ఆమె చెయ్యి మాత్రం గియ్యలేదని ఎలా అనుకోను? అలాగే, తాను చెప్పిన మాటవల్ల ఎన్ని ఇళ్ళల్లో ఒంటరి ఆడవాళ్ళు గీత బయటికి పోయారో యగ్లికకు తెలుసు. వాళ్ళందరినీ బయట నిలబెట్టి తానొక్కతే లోపల కూచోలేకపోయిందా? అదీ కాదనలేను.

"నలభయ్యో రోజు ప్రకటన ఉంది కదా" అంది దేసాంక కళ్ళు తుడుచుకుంటూ. "ఈసారి ఆమె కిటికీకి పంపను. ద్రాష్కో స్వయంగా పోద్గోరిత్స వెళ్ళి ఇచ్చి వస్తాడు. దగ్గరుండి కొట్టించి వస్తాడు."

అలాగే చేశారు. ఆ రోజు పొద్దున పేపరు రాగానే చూశాను. ప్రియమైన విదోయె మమ్మల్ని విడిచి నలభై రోజులు. చెల్లెలు యగ్లిక. ఆ తర్వాతే భార్య, కొడుకులు, మిగతా అందరూ. ఆమె అడిగిన చోటే, అడిగినట్టే, నల్ల గీత లోపల. పైన నలభై రోజుల మాటకే ఒక లైను పోయింది, ఎవరిని తీసేశారో చూశాను. చిన్న మనవరాలి పేరు లేదు. ఇంకా మాటలు రాని పిల్ల. ఆ పిల్ల తరఫునా కొట్లాడేవాళ్ళు లేరు.

పేపరు చేత్తో పట్టుకుని వీధి దాటుదామనుకుంటుంటే తలుపు తెరుచుకుని యగ్లికే లోపలికి వచ్చింది. కోటు వేసుకుంది. చేతిలో ఒక సంచి. ఎదుటి కిటికీకి చెక్కలు వేసి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆమె మా గదిలో అడుగుపెట్టడం అదే మొదలు.

"ఇవాల్టిది ఇస్తావా?"

కడ్డీకి బిగించి ఇచ్చాను. కిటికీ పక్కన బల్ల దగ్గర కూచుని వెనకనుంచి తెరిచింది. ఆ పేజీ మీద చూపు ఆగింది. ఆమె ముఖం చూడటం మర్యాద కాదనిపించి పక్కకు తిరిగాను.

"కాఫీ పెడతాను" అన్నాను. "రోజూ నీ దగ్గర తాగుతున్నాను. ఇవాళ నా దగ్గర తాగు."

"పెట్టు" అంది, తలెత్తకుండా.

వెనక గదిలో చిన్న పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. ఆమెకు చక్కెర ఎంత కావాలో నాకు తెలుసు. నురగ పొంగి దిగేదాకా దగ్గరే నిలబడ్డాను. తీసుకొచ్చి ఏం చెప్పాలో మనసులో పేర్చుకుంటున్నాను. చూశావా, పట్టింది కదా, అందామనుకున్నాను. అది వద్దనిపించి మరో మాట వెతుకుతున్నాను. వీధిలో బస్సు ఆగిన చప్పుడు వినిపించింది.

రెండు కప్పులతో బయటికి వచ్చేసరికి కుర్చీ బల్ల కిందికి నెట్టి ఉంది. పేపరు మూసి, కడ్డీతో సహా దాని కొక్కేనికి తగిలించి ఉంది, పక్కనున్నవాటితో సమంగా. కిటికీలోంచి చూస్తే వీధిలో బస్సు లేదు. మంచు మీద దాని చక్రాల చారలు స్టేషను మలుపు దాకా ఉన్నాయి. ఆమె ఏ ఊరు వెళ్ళిందో ఇంటివాళ్ళకూ చెప్పలేదు.

ఆమె కప్పు బల్ల మీద పెట్టాను. కాసేపటికి మీద పొర కట్టింది.